వెబ్‌సైటుకు విడి చిరునామాయా, ఉమ్మడి చిరునామాయా?

ఇల్లు అద్దెకు కుదుర్చుకొనునపుడు మనవారు మొట్టమొదట అడుగు ప్రశ్న యొకటి కలదు. "గుమ్మము వేరా, ఉమ్మడియా?" అని. అద్దె ఎంత, పంపు ఎచట, కరెంటు మీటరు ఎవరిది అను ప్రశ్నలన్నియు ఆ తరువాతివే. కొన్ని సంవత్సరములుగా ఈ ప్రశ్నయే మరియొక రూపమున చిన్న దుకాణదారులకును, పాఠశాలలకును, సంఘములకును ఎదురగుచున్నది. వెబ్‌సైటు పెట్టదలచినవారిని హోస్టింగు కంపెనీవారు "మీకు డెడికేటెడ్ ఐపీ కావలెనా, షేర్డ్ ఐపీ చాలునా?" అని అడుగుచుందురు. అడిగినవారికి దాని ధర తెలియును. అడిగించుకొన్నవారికి తరచుగా దాని అర్థము తెలియదు. మేమును ఒకప్పుడు ఆ రెండవ తెగలోనివారమే.

మా ఊరి గ్రంథాలయ సంఘమువారు 2017లో ఒక వెబ్‌సైటు పెట్ట నిశ్చయించిరి. పుస్తకముల జాబితా, కొత్తగా వచ్చిన వాని పేర్లు, సభ్యులు చందా కట్టుటకు వీలు, ఇంతకు మించి కోరికలు లేవు. ఆ పని మాకు అప్పగింపబడినది. ఒక హోస్టింగు కంపెనీకి ఫోను చేయగా అచటి యువకుడు మిక్కిలి మర్యాదగా మాట్లాడెను. "మాస్టారూ, మీరు డబ్బు కట్టించుకొనే సైటు పెడుతున్నారు. తాళం గుర్తు రావాలంటే డెడికేటెడ్ ఐపీ ఉండి తీరాలి. పైగా సైటు వేగంగా తెరుచుకుంటుంది, గూగుల్‌లో పైకి వస్తుంది" అని మూడు లాభములు చెప్పెను. మూడింటికిని తలయూపితిమి. మూడు సంవత్సరములు ఏటేట అదనపు రుసుము చెల్లించితిమి. 2020లో లెక్కలు చూచుచు మా కోశాధికారిగారు, "ఏమండీ, ఈ ఐపీ అంటే ఏమిటి? దీనికి పోసిన డబ్బుతో ఒక బీరువా వచ్చేది కదా!" అని అడిగినపుడు గాని ఆ సంగతి తెలిసికొనవలెనను బుద్ధి మాకు పుట్టలేదు. విచారింపగా తేలినదేమనిన, ఆ యువకుడు చెప్పిన మూడింటిలో ఒకటి ఒకప్పటి నిజము. తక్కిన రెండును ఎన్నడును నిజములు కావు.

ఇంటర్నెట్టునకు తగిలించిన యంత్రము పిలిచిన పలుకవలెనన్న దానికొక సంఖ్య ఉండవలెను. ఆ సంఖ్యయే ఐపీ అడ్రసు. నడుమ చుక్కలతో నాలుగు అంకెలుగా దానిని వ్రాయుదురు. ఒక్కొక్క అంకె సున్న మొదలు 255 వరకు ఉండవచ్చును. మనము నోట పలుకునది వెబ్‌సైటు పేరు; యంత్రము వెదకునది ఆ సంఖ్య. పేరునకు తగిన సంఖ్య చెప్పుటకు డి.ఎన్.ఎస్. అను చిట్టా కలదు. రేడియో ఉన్న ఇంటివారికి ఇది వింత కాదు. స్టేషనును పేరుతో పిలుతుము. ముల్లును మాత్రము కిలోహెర్ట్జుల అంకె మీద నిలుపుదుము. అయితే ఇచట ఒక భేదము కలదు. సమీపమున రెండు స్టేషన్లు ఒకే అంకె మీద పలికినచో రెండును కలసి గోల యగును. వెబ్‌సైటులు వందలకొలది ఒకే సంఖ్య మీద ఉన్నను ఒకదాని మాట మరియొకదానితో కలియదు. ఎందుచేతనన, ఇచట సంఖ్య లోగిలికి మాత్రమే చెందినది. లోగిలిలోని వాటాకు కాదు. ఉత్తరము మీద ఇంటి నంబరుతోపాటు వాటాదారుని పేరు కూడ వ్రాసినచో పోస్టుమాను తికమకపడడు గదా!

మొదట ఈ సౌకర్యము లేకుండెను. తొలినాటి బ్రౌజరు సర్వరు కడకు పోయి "ఫలాన పుట ఇమ్ము" అని మాత్రము అడుగుచుండెను. ఎవరి పుట అని చెప్పుచుండెడిది కాదు. ఇంటి నంబరే గాని పేరు లేని ఉత్తరము వంటిది. కావున ప్రతి వెబ్‌సైటుకును వేరు సంఖ్య తప్పనిసరి యయ్యెను. హెచ్.టి.టి.పి. నియమావళి యొక్క 1.1వ కూర్పు 1997 జనవరిలో వెలువడినది. ప్రతి బ్రౌజరును తాను కోరు సైటు పేరును "హోస్ట్" అను పంక్తిలో వ్రాసి తీరవలెనని దానిలో విధించిరి. ఆ ఒక్క పంక్తి చేత ఒక సంఖ్య క్రింద ఎన్ని సైటులనైనను నడుపుటకు వీలు కలిగినది. చవుక హోస్టింగు వ్యాపారమంతయు ఆ పంక్తి మీద నిలిచినదే అనిన అతిశయోక్తి కాదు.

అయినను ఒక చిక్కు మిగిలిపోయెను. మన యువకుడు చెప్పిన తాళము గుర్తు సంగతి ఇదియే. డబ్బు వ్యవహారము జరుగు సైటుతో బ్రౌజరు మాటలాడునపుడు ఆ మాటలను సంకేత భాషలోనికి మార్చి పంపును. దానికి ముందుగా సైటు తన గుర్తింపు సర్టిఫికెట్టును చూపవలెను. బ్రౌజరు గుమ్మము ముందు నిలిచి, "మీ పత్రము చూపినగాని నేను వచ్చిన పని చెప్పను" అనును. లోపలివారు, "నీవు ఎవరి కొరకు వచ్చితివో చెప్పినగాని ఎవరి పత్రము చూపవలెనో మాకు తెలియదు" అందురు. "హోస్ట్" పంక్తి సంకేతపు కవరు లోపలనే ఉన్నది; కవరు విప్పుటకు ముందు పత్రము చూపవలెను. ఈ ముడి విడువక సర్టిఫికెట్టు గల ప్రతి సైటుకును వేరు గుమ్మము, అనగా వేరు ఐపీ, చాలకాలము అవసరమయ్యెను. ఆ రోజులలో ఇట్టి సలహా ఇచ్చినవారు న్యాయమైన సలహాయే ఇచ్చిరి.

దీనికి విరుగుడు 2003 జూనులో వ్రాయబడినది. సర్వర్ నేమ్ ఇండికేషన్ అని దాని పేరు, పొట్టిగా ఎస్.ఎన్.ఐ. అందురు. బ్రౌజరు తలుపు తట్టునపుడే "ఫలాన వాటావారి కొరకు వచ్చితిని" అని పేరు పైకి చెప్పును. లోపలివారు తగిన పత్రము చూపుదురు. ఉపాయము ఇంత చిన్నది. ఆ పేరు పైకి చెప్పబడుటచే దారిన పోవువారికి వినబడునను లోపమొకటి దీనిలో కలదు. అది వేరొక ప్రసంగమునకు తగిన విషయము. అయితే కాగితము మీది నియమము ఇంటింట అమలులోనికి వచ్చుటకు కాలము పట్టును. విండోస్ ఎక్స్‌పీ మీద నడచు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకు ఈ మర్యాద తెలియదు. మన దేశమున ఎక్స్‌పీ ఎన్ని బల్లల మీద ఎంతకాలము కూర్చున్నదో శ్రోతలు ఎరుగుదురు. తమ గిరాకీలలో కొందరైనను దానినే వాడుచుండగా దుకాణదారుడు వేరు ఐపీని వదలుకొనజాలడు. మైక్రోసాఫ్ట్‌వారు 2014 ఏప్రిల్ 8వ తేదీన ఎక్స్‌పీకి మద్దతు చాలించిరి. 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ సర్టిఫికెట్లను ఉచితముగా అందరికిని ఇచ్చుటకు పూనుకొనెను. ఆ సర్టిఫికెట్టును నాడు సైటు పేరు మీదనే ఇచ్చుచుండిరి గాని ఐపీ మీద కాదు. కాగా 2017లో మాకు చెప్పబడిన మాటకు అప్పటికే కాలదోషము పట్టియుండెను. ఆ యువకుని తప్పుపట్టము. అతనికి ఎవరో ఇచ్చిన చీటీని అతడు చదివెను.

ఇక వేరు సంఖ్యకు అదనపు ధర ఎందుకు? సంఖ్యలు చాలకపోవుటచేత. ఐపీ నాలుగవ కూర్పులో సాధ్యమైన సంఖ్యలు మొత్తము 4,29,49,67,296. సుమారు 430 కోట్లు. ఈ పద్ధతి ఏర్పడిన నాడు అది అంతులేని రాశివలె తోచియుండును. నేడు లోకమున మనుష్యులే అంతకంటె ఎక్కువమంది. 2011 ఫిబ్రవరి 3వ తేదీన ప్రపంచ కొట్టులో మిగిలిన అయిదు పెద్ద మూటలను అయిదు ఖండాంతర సంస్థలకు తలకొకటిగా పంచి కొట్టు మూసివేసిరి. ఒక్కొక్క మూటలో 1,67,77,216 సంఖ్యలు. మన ఆసియా, పసిఫిక్ ప్రాంతములకు చెందిన ఏపీనిక్ సంస్థ ఆ ఏటనే ఏప్రిల్ 15 నాటికి చివరి మూటను విప్పి, నాటినుండి సరకును చిటికెడు చిటికెడుగా పంచనారంభించెను. ఉత్తర అమెరికాలో 2015 సెప్టెంబరునాటికి నిలువ అయిపోయినది. అటుపిమ్మట ఇవి భూములవలె చేతులు మారు ఆస్తి యైనవి. నోర్టెల్ అను కెనడా కంపెనీ దివాలా తీయగా, దాని వద్దనున్న 6,66,624 సంఖ్యలను 2011లో మైక్రోసాఫ్ట్‌వారు 75 లక్షల డాలర్లకు కొనిరి. 2024 ఫిబ్రవరి 1 నుండి అమెజాన్‌వారి క్లౌడు విభాగము ప్రతి బహిరంగ సంఖ్యకును గంటకు అర సెంటు వంతున వసూలు చేయుచున్నది. గంటకు అర సెంటు అనిన నవ్వులాటగా నుండును. ఏడాదికి లెక్కవేసిన సుమారు 44 డాలర్లు. చిన్న సైటుకు హోస్టింగు ఖర్చుతో పోల్చదగిన మొత్తమది.

వేగము సంగతి చెప్పుదుము. సైటు వేగము సర్వరు బలము మీదను, పుటల బరువు మీదను, చూచువానికిని సర్వరుకును నడుమ దూరము మీదను ఆధారపడును. విడి ఐపీ కొన్నంతమాత్రమున యంత్రము విడిది కాదు. లోగిలి అదే, బావి అదే, వాటాదారులందరును చేదుకొను నీరు అదియే. మన వాటాకు వీధివైపున వేరు తలుపు మాత్రము పెట్టించుకొంటిమి. అద్దెదారులలో ఒకడు బావినంతయు తోడివేసిన మన తలుపు మనకు నీరీయదు. భద్రతయు ఇట్టిదే. గూగుల్ మాటకు వచ్చిన, ఉమ్మడి సంఖ్య మీద ఉన్నంతమాత్రమున సైటును క్రిందికి దింపమని ఆ సంస్థవారు పలుమార్లు చెప్పియున్నారు. దింపుదమనిన లోకమున సగమునకు పైగా సైటులను దింపవలసి వచ్చును. హార్వర్డు విశ్వవిద్యాలయమున బెన్ ఎడెల్‌మాన్ అను పరిశోధకుడు 2003లోనే లెక్కించి చూడగా .కాం, .నెట్, .ఆర్గ్ పేర్లతో నడచు సైటులలో నూటికి 87కు పైగా తమ సంఖ్యను ఇతరులతో పంచుకొనుచున్నట్లు తేలినది. మూడింట రెండు వంతులకు పైగా సైటులు ఏబదికి తక్కువ కాని ఇరుగుపొరుగుతో ఉండెను.

ఈ సంగతులు తెలిసినంతనే మేము విడి ఐపీని వదలుకొంటిమి. కోశాధికారిగారు సంతోషించిరి. బీరువా వచ్చినది. ఇంతటితో కథ ముగిసిన బాగుండెడిది.

2022లో మా సంఘము సర్వసభ్య సమావేశము ఏర్పాటు చేసితిమి. అద్దె భవనమును వదలుటయా, అటులే కొనసాగుటయా అను విషయము తేల్చవలసియుండెను. నోటీసులు వెబ్‌సైటు సర్వరు నుండియే ఈమెయిలు ద్వారా పంపితిమి. నాడు కుర్చీలు వేసి ఎదురుచూడగా కోరము కూడ రాలేదు. భవనపు యజమాని ఇచ్చిన గడువు గడచినది. మరి రెండు మాసములు హెచ్చు అద్దె కట్టవలసి వచ్చెను. దాని కంటె బాధ కలిగించినది వేరు. సంఘమును నెలకొల్పినవారిలో నేటికిని మిగిలియున్న పెద్దాయనగారు వీధిలో కనబడి, "ఏం నాయనా, ముసలివాళ్ళ అవసరం తీరిపోయిందా? కబురైనా పెట్టలేదేం?" అనిరి. పెట్టితిమని చెప్పబోయి, వారి మనుమని ఫోనులో వెదకగా మా నోటీసు స్పాము అను చెత్తబుట్టలో పడియుండెను. మరికొందరకు అచటికైనను చేరలేదు. పొమ్మని గుమ్మము వద్దనే త్రిప్పి పంపిరి.

కారణము విచారింపగా, మాతో ఒకే లోగిలిలోనున్న మరియొక సైటు దొంగల చేత చిక్కి దినమునకు వేలకొలది మోసపు ఉత్తరములు వెలువరించుచుండెనట. స్పామును పసిగట్టువారు ఉత్తరము పంపిన సంఖ్యను నల్ల జాబితాలో వ్రాయుదురు. సంఖ్య ఉమ్మడిది, జాబితాకు వాటాల సంగతి అక్కరలేదు. హోస్ట్ పంక్తి, ఎస్.ఎన్.ఐ. అను మర్యాదలు లోనికి వచ్చువారి కొరకు ఏర్పడినవి. బయటికి పోవు ఉత్తరము మీద కనబడునది లోగిలి నంబరు. ఈ తేడాను మేము గ్రహింపలేదు. మా పొరపాటు అదియే.

కంపెనీకి మరల ఫోను చేసితిమి. ఈసారి వేరొకరు పలికి, "అందుకేనండీ డెడికేటెడ్ ఐపీ తీసుకోమనేది" అనిరి. మాట సగము నిజమే. కాని మేము ఒకసారి దెబ్బతిన్నవారము గనుక తొందరపడలేదు. విడి సంఖ్య తీసికొన్నను పాతకాపు చేసిన అప్రతిష్ఠ దానికి అంటుకొనియుండవచ్చును. అది నిష్కళంకమైనదే యైనను, నెలకొకసారి కొలదిమందికి ఉత్తరములు వ్రాయు మావంటివారికి జీమెయిలు మొదలగు పెద్ద కచేరీలలో పరపతి ఏర్పడదు. కొత్తగా ఊరికి వచ్చి తలుపు మూసికొని కూర్చున్నవానిని అప్పు అడిగినచో ఎవరిత్తురు? మా అవసరమునకు తగిన మార్గము వేరుగా నుండెను. వెబ్‌సైటును ఉమ్మడి ఐపీ మీదనే ఉంచి, ఉత్తరములను పంపు పనిని మాత్రము దానికే ప్రత్యేకించిన ఈమెయిలు సేవకు అప్పగించితిమి. ఆ సేవవారికి తమ సంఖ్యల పరువును కాపాడుకొనుటయే వ్యాపారము. మా పేరున ఉత్తరములు పంపు అధికారము ఎవరికి కలదో తెలుపు ఎస్.పి.ఎఫ్. పంక్తిని, ఉత్తరమునకు ముద్ర వంటి డీకిమ్ సంతకమును మా పేరు చిట్టాలో చేర్చితిమి. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు ఈ విషయమున కఠినమైన నిబంధనలు విధించినవి గనుక ఆ పని చేయనివారు ఇకనైన చేయుట మంచిది. చేయుటకు పట్టు కాలము ఒక పూట.

పొరుగువాని పాపము మనకు అంటుట ఈమెయిలుతోనే ఆగదు. 2003 సెప్టెంబరులో మన కేంద్ర ప్రభుత్వమువారు మేఘాలయకు సంబంధించిన ఒక యాహూ గ్రూపును నిలుపుదల చేయవలసినదని ఆజ్ఞాపించిరి. ఇంటర్నెట్టు కంపెనీలకు ఆ ఒక్క గ్రూపును వేరుచేసి ఆపు ఉపాయము లేకపోయెను. యాహూ గ్రూపుల సర్వరు సంఖ్యనే అడ్డగించిరి. దానితో దేశములోని పాఠకులకు వేలాది గ్రూపులు కొన్నాళ్ళు కనబడలేదు. రచ్చబండ మొదలగు తెలుగు చర్చాగోష్ఠులును ఆ రోజులలో యాహూ గ్రూపులయందే నడచుచుండినవి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు చట్టమొకటి 400కు లోపు సైటులను ఆపింపబోయి 11 లక్షలకు పైగా నిరపరాధులైన సైటులను అడ్డగించెనని విచారణలో తేలి, 2004లో న్యాయస్థానము ఆ చట్టమును కొట్టివేసినది. ఇరువది ఏండ్ల క్రిందటి మాట అని తోసిపుచ్చుటకు లేదు. 2022 ఆగస్టులో ఆస్ట్రియా దేశమున కాపీరైటు వివాదమున క్లౌడ్‌ఫ్లేర్ సంస్థకు చెందిన 11 సంఖ్యలను నిలుపగా సంబంధము లేని వేలాది సైటులు అచటివారికి అందకపోయినవి. విడి సంఖ్య కొనువారికి ఈ ఒక్క విషయమున న్యాయమైన వాదము కలదని మా అభిప్రాయము. అయినను నేడు పెద్ద పెద్ద సైటులే క్లౌడ్‌ఫ్లేర్ వంటి సంస్థల ఉమ్మడి గుమ్మముల వెనుక నిలుచుచున్నవి. దాడులను తట్టుకొను బలము, దూరప్రాంతములకు వేగము వారికి అచట దొరకును. చిన్నవానికి చవుక కొరకు ఉమ్మడి, పెద్దవానికి బలము కొరకు ఉమ్మడి!

విడి సంఖ్య నిజముగా కావలసినవారు లేకపోలేదు. సొంత ఈమెయిలు సర్వరు నడుపుచు దినదినము పెద్దమొత్తమున ఉత్తరములు పంపువారికి అది అవసరము; ఆ సంఖ్యను అడిగిన తమ పేరు వచ్చునట్లు తిరుగు చిట్టాలోను వ్రాయించుకొనవలెను. బ్యాంకు గాని మరియొక కంపెనీ గాని "మీ సర్వరు సంఖ్య చెప్పుడు, ఆ సంఖ్య నుండి వచ్చిన కోరికనే అంగీకరింతుము" అనినచో ఉమ్మడి సంఖ్య ఇచ్చుట ఇంటి తాళపుచెవిని వాటాదారులందరకు పంచుట వంటిది. పేరు చెప్పుట యెరుగని పాత యంత్రములతో పని ఉన్నవారును ఈ కోవలోనివారే. వీరిలో ఎవరమును కామనుకొన్నవారు కంపెనీవారిని అడుగవలసిన ప్రశ్న ఐపీని గూర్చినది కాదు. ఒక సర్వరు మీద ఎన్ని సైటులు పెట్టుచున్నారు, పొరుగు సైటు దొంగల పాలైనచో ఎంతసేపటికి దానిని వేరుచేయుదురు, ఉత్తరములు ఏ సంఖ్య నుండి పోవును అని అడుగవలెను. సూటిగా జవాబు చెప్పు కంపెనీ చవుకదైనను మంచిదే. మేము అడిగినపుడు ఇద్దరు "కనుక్కొని చెబుతామండీ" అని ఫోను పెట్టివేసిరి, మూడవవారు చెప్పిరి.

సంఖ్యల కరవు తీర్చుటకు ఆరవ కూర్పు వచ్చిన సంగతి కొందరు శ్రోతలు వినియుందురు. దాని నియమావళి 1998 డిసెంబరులోనే వెలువడినది. అందులోని సంఖ్యల మొత్తమును వ్రాసిన 39 అంకెలు పట్టును. ఒక్కొక్క వెబ్‌సైటుకు కాదు, ఒక్కొక్క పుటకు వేరు సంఖ్య ఇచ్చినను తరుగదు. దాని వాడుకలో మన దేశము ప్రపంచమున ముందువరుసలో నున్నది. మన చేతులలోని మొబైలు ఫోనులే దానికి కారణము. కాని ఆరవ కూర్పు మాత్రమే ఉన్న సైటు, నాలుగవ కూర్పు మాత్రమే ఎరిగిన ఇంటివారికి అందదు. కావున కొంతకాలము రెండును పెట్టుకొనక తప్పదు. మా సైటుకు ఆరవ కూర్పున విడి సంఖ్య ఉచితముగా దొరికినది. నాలుగవ కూర్పున ఉమ్మడియే.

మా సంఘము కొత్త భవనములోనికి మారినది. నోటీసులు నేడు సభ్యులకు సక్రమముగా అందుచున్నవి. పెద్దాయనగారికి మాత్రము పోస్టుకార్డు వ్రాయుచున్నాము.